పక్కింటి జానెడు

మా పక్క విల్లాకు కాపలా ఉండే ఈజిప్టు ఆయన రోజూ పొద్దున్నే తన గేటు ముందు ఊడుస్తాడు. కువైట్‌లో ఊడవడమంటే రాత్రి గాలి తెచ్చి పోసిన ఇసుకను, మళ్ళీ గాలి తెచ్చి పోసేదాకా, పక్కకు జరపడం. అందులో విశేషం లేదు. విశేషమల్లా, తన గోడ అయిపోయాక కూడా ఆయన చీపురు ఆగకపోవడం. మా గోడ ముందుకు సరిగ్గా ఒక జానెడు వచ్చి ఆగుతుంది. ఆ జానెడు అవతల మా ఇసుక మాకు అలాగే ఉంటుంది. మొన్న కారు తుడుస్తూ, ఎందుకిలా అని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి, ఇది జపాన్ పద్ధతి అన్నాడు. ఆయన జపాన్ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. మా ఇద్దరికీ ఆ దేశాన్ని నేర్పిన మనిషి రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన వంటావిడ.

ఇలాంటివి సాధారణంగా మనిషి పోయాక రాస్తారు. కంగారు పడకండి, ఆమె పోయింది రాయచోటికే. నిరుడు వీసా ఖలాస్ చేసుకుని, మూడు అట్టపెట్టెలతో, ఒక వెదురు చీపురుతో విమానం ఎక్కింది. ఆ చీపురు చేతిసామాను కిందికే వస్తుందని కౌంటర్‌లో వాళ్ళను ఒప్పించేలోగా నేను రెండు టీలు తాగాను.

నేను ఆమె వంట చేసిన ఇంటికి డ్రైవర్ని. మాది కోనసీమ. ఆమెను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను అబ్బీ అనేది. నాకొక పేరుందన్న సంగతి ఆమెకు తెలుసో లేదో ఆరేళ్ళలో తేలలేదు. ఆమె వయసు ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో ఒకటి, నోటితో చెప్పేది ఒకటి, మోకాళ్ళు నొప్పి పుట్టినప్పుడు మరొకటి. మాట్లాడుతూ ఎదుటి మనిషి భుజం మీద దుమ్ము దులిపేది. దుమ్ము లేకపోయినా దులిపేది.

ఆమె పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఉంది గానీ కువైట్‌లో నడవలేదు. ఇంట్లోంచి కారులోకి, కారులోంచి జమయ్యాకు, అంటే పేటలో ఉండే సరుకుల కొట్టుకు, మళ్ళీ కారులోకి, ఇంట్లోకి. నెలకోసారి ఫర్వానియాలో వాళ్ళ ఊరివాళ్ళ గదికి వెళ్ళేది. అప్పుడైనా నేను మెట్ల దగ్గర దింపి, కింద కాపు కాసి, మళ్ళీ ఎక్కించుకు రావాలి. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళు మామా అంటారు. మా మామా చెడ్డమనిషి కాదు. పండక్కి బట్టలు పెట్టేది, జ్వరమొస్తే తనే మాత్ర తెచ్చి ఇచ్చేది. ఆమెకున్నది ఒక్కటే జబ్బు, వంటమనిషి వెళ్ళిపోతుందేమోనన్న భయం. వెనక వీధిలో ఎవరింట్లోనో పనమ్మాయి చెత్తబుట్ట పారబోయడానికి వెళ్ళి తిరిగి రాలేదట. ఆ బుట్ట ఆ ఇంటిది, భయం మా ఇంటిది. అందుకని అక్క పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు మామా బీరువాలో ఉండేవి.

అలాంటి సమయంలో మామా వాళ్ళు క్యోటో వెళ్ళారు. జపాన్‌లో పాత రాజధానిట, మూడు వారాలు ఉంటారట. ఇంటి పెద్దాయన పేరు తెలియని వస్తువేదీ నోట్లో పెట్టడు, అక్కడేమో ఏ వస్తువు పేరూ ఆయనకు తెలియదు. అందుకని అక్కను కూడా తీసుకెళ్ళారు. నన్ను మాత్రం బ్యాటరీ దిగిపోకుండా రోజూ కారు స్టార్ట్ చేస్తూ ఉండమని వదిలేశారు. కాబట్టి క్యోటో గురించి నేను చెప్పేదంతా వెనక సీట్లోంచి విన్నది.

హోటల్ కాకుండా ఒక పాత చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ దేశంలో బయటివాళ్ళు పాస్‌పోర్టు ఒంటిమీద ఉంచుకోవాలని చట్టమట. మొదటిరోజే మామా అక్క పాస్‌పోర్టు అక్క చేతిలో పెట్టింది. అక్క పాత జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి అందులో పెట్టుకుని నడుముకు కట్టుకుంది. ఇంట్లో వాళ్ళు పదకొండుకు గాని లేవరు. ఈమెకు ఎక్కడున్నా ఐదింటికి మెలకువ వస్తుంది. మధ్యలో ఆరు గంటలు. పద్నాలుగేళ్ళలో ఎవరూ పిలవని ఆరు గంటలు ఆమెకు అదే మొదటిసారి.

మొదటి తెల్లవారుజామున ఆమె చేసింది, రాయచోటి మనిషి ఏ దేశంలోనైనా చేసేదే. తలుపు తీసి, చీపురు వెతుక్కుని, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లింది. ఆ సందులో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయట. మన వాకిలి ఎక్కడ అయిపోయిందో చీపురుకు తెలియదు. పక్కింట్లో ఉన్నది ఒక్క ముసలావిడే అని ముందురోజే చూసి పెట్టుకుంది. పాపం అనుకుని ఆ వాకిలి కూడా ఊడ్చేసింది.

రెండోరోజు తలుపు తీసేసరికి పక్కింటావిడ అప్పటికే తన వాకిలి ఊడ్చుకుని, వీళ్ళది కూడా ఊడ్చేసి ఉంది. అక్క మురిసిపోయింది. ఎంత మర్యాదస్తులో అనుకుని మూడోరోజు అరగంట ముందు లేచి రెండు వాకిళ్ళూ ఊడ్చింది. ఆ సాయంత్రం ఇంటి ఓనర్ నుంచి మామా ఫోన్‌కు సందేశం వచ్చింది. మీ ఇంటి మనిషి ఎంతో శ్రమపడి పక్కవారి వాకిలి కూడా శుభ్రం చేస్తున్నారు, పక్కవారు ఎంతో మొహమాటపడుతున్నారు, ఆమె ఆరోగ్యం జాగ్రత్త అని. మామా అది చదివి, నిన్ను మెచ్చుకుంటున్నారు అని చెప్పింది. నాలుగోరోజు అక్క సందు చివరిదాకా ఊడ్చింది.

నేను మొదటిసారి విన్నప్పుడే చెప్పాను, అక్కా, అది మెప్పు కాదు, ఫిర్యాదు అని. తెలుసులే అంది. ఐదోరోజు తెలిసిందట. ఆ రోజు పక్కింటి అవ్వ బయటికొచ్చి, అక్క చేతిలో చీపురు తీసుకుని, రెండిళ్ళ మధ్య నేలమీద పుల్లతో గీత గీసింది. వంగి, గీతకు తనవైపు వేళ్ళు చాపి జానెడు కొలిచి చూపించింది. అక్క వాకిలి వైపు నుంచి అక్కడిదాకా ఊడ్చి ఆపేసింది. తర్వాత చీపురు అక్క చేతిలో పెట్టి, ఒంగి దణ్ణం పెట్టింది. అక్క కూడా ఒంగింది. అవ్వ ఇంకా కిందికి ఒంగింది. ఇద్దరిలో ఎవరు ముందు లేవాలో తెలియక కాసేపు అలాగే ఉన్నారట.

"జానెడు తగ్గితే, నీకూ నాకూ ఏం సమ్మందం అన్నట్టు," అని అక్క నాకు వివరించింది. "జానెడు దాటితే, నీకు చాతగాదు అన్నట్టు. జానెడంటే ఏందో తెల్సునా? పక్కన నువ్వుండావని నాకు గ్యాపకముండాది అని."

ఎవరి జానెడు అక్కా, నీ చెయ్యి పెద్దది కదా అన్నాను. మామూలుగా నా ప్రశ్నలకు ఆమె నా భుజం మీద దుమ్ము గట్టిగా దులిపి ఊరుకునేది. దీనికి మాత్రం రెండు రోజులు ఆలోచించి, చిన్నచెయ్యి ఎవురిదైతే వాళ్ళదే లెక్క అని తీర్పు చెప్పింది.

ఆరోరోజు నుంచి అవ్వ, అక్క కలిసి నడిచారు. అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి వేసుకుని ముందు నడిచేది, ఈమె వెనక. ఊరంతా వాళ్ళు కాలినడకనే చూశారు. ఒక్క గుడి పేరూ అక్కకు తెలియదు, అన్నీ తను పెట్టుకున్న పేర్లే. ఎర్ర గడపల కొండ అని ఒకటుంది. కొండ పొడుగునా గుమ్మాలు, ఒకదాని వెనక ఒకటి. తలుపులు లేవు, ఇల్లు అంతకన్నా లేదు. మూడొందల దాకా లెక్కపెట్టేసరికి అవ్వ కూర్చుండిపోయిందట. కూసే నేల ఉన్న కోట ఒకటి. ఆ వసారాలో అడుగు వేస్తే చెక్క పిట్టలా కూస్తుంది, దొంగ వస్తే తెలియడానికి. మేకులు వదులైపోయి ఉంటాయి అన్నాను. వెనక సీట్లోంచి హ్యాండ్‌బ్యాగ్ వచ్చి నా తలకు తగిలింది. సందు మొగల్లో చిన్నచిన్న రాతిబొమ్మలు ఉంటాయట, మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుందట. అవ్వ వాటి ముందు నీళ్ళు మార్చేది. అక్క అటు వెళ్ళిన మూడోరోజు నుంచి తనే మార్చేది, అవ్వ చూస్తూ నిలబడేది.

"మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళక్కా? నీకు జపాన్ భాష రాదు, ఆవిడకు తెలుగు రాదు."

"కోడండ్ల గురించి."

"ఎలా తెలిసింది?"

"ఆ మొగం పెట్టి ఇంగ దేని గురించి మాట్లాడతారబ్బీ."

ఆమెకు అన్నిటికన్నా నచ్చింది ఇసుక దువ్వే గుడి. అక్కడ చెట్టూ చేమా లేని పెరట్లో తెల్ల ఇసుక పోసి, గీతలు వచ్చేలా పళ్ళకర్రతో దువ్వుతారు. దాని ముందు జనం గంటలసేపు కూర్చుంటారు. ఇంత ఇసుక పెట్టుకుని కువైట్‌లో ఇన్నేళ్ళుగా ఒక్కరికన్నా ఆ తెలివి రాలేదే అన్నది ఆమె బాధ. తిరిగి వచ్చాక, ఎడారిలో, కబ్ద్ దగ్గర మామా వాళ్ళ తోటకు వెళ్ళినప్పుడు, గడ్డి లాగే పళ్ళకర్ర తీసుకుని గుడారం ముందు ఎడారిని దువ్వింది. రెండు గంటలు దువ్వింది. నిజం చెప్పాలంటే బాగుంది. నాకే చూడబుద్ధేసింది. అంతలో పక్క తోట ఒంటె ఒకటి తీరిగ్గా దాని మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. ఒంటెను తిట్టలేదు. దాని యజమానిని తిట్టింది, తెలుగులో. ఆయన నవ్వుతూ సలాం చెప్పాడు.

కాస్త ముందుకు వెళ్ళిపోయాను. వాళ్ళు తిరిగి వచ్చిన రోజు నేను విమానాశ్రయానికి వెళ్ళాను. కారు ఎక్కే ముందు మామా చెయ్యి చాపింది. అక్క నడుముకున్న సంచి విప్పి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఇంటిదాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కారు ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత ఆమె మామాను అడిగింది. శుక్రవారం మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, మూడు నుంచి ఐదు దాకా, రెండే గంటలు. కార్డు తన చేతికివ్వాలి. కాలినడకన, ఒక్కతే. ఎక్కడికి అంది మామా. ఎక్కడికీ కాదు అంది అక్క. ఎక్కడికీ కాకపోతే డ్రైవర్ ఉన్నాడుగా అంది మామా. ఈ తర్కం నాకు అర్థం కాలేదు గానీ, నా ప్రస్తావన వచ్చినందుకు సంతోషించాను. క్యోటోలో నడిచానుగా అని అక్క అంటే, అది క్యోటో అంది మామా. మరి మీ ఊరు అంత చెడ్డదా అని అక్క అడిగింది. మామా ముఖం ఎర్రబడింది. తన ఊరి మీద మాట పడనిచ్చే మనిషి కాదు. ఒప్పుకుంది, ఒక షరతు మీద. నడవచ్చు, కానీ కారు వెనకే రావాలి.

అలా మొదటి శుక్రవారం ఆమె ముందు, నేను వెనక బయల్దేరాం. స్పీడు చూపించే ముల్లు అడుగునుంచి లేవలేదు. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులో తప్ప నేనంత నెమ్మదిగా బండి నడపలేదు, అక్కడైనా బ్యాండు ఉంటుంది. ఇక్కడ నా వెనక కార్ల హారన్లే. ఒక టాక్సీ ఆయన పక్కకొచ్చి అద్దం దించి, అలిగిందా భాయ్ అని హిందీలో పరామర్శించాడు. సిగ్నల్ దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా అక్క దాటేది కాదు. క్యోటోలో రోడ్డు దాటే వేళ సిగ్నల్ పిట్టలా కూస్తుందట. ఇక్కడ పిట్ట కూయదక్కా అని కిటికీలోంచి అరిచాను. వినిపించుకోలేదు. పైగా కావాలనే కారు పట్టని సందుల్లోకి తిరిగేది. నేను చుట్టు తిరిగి అవతలి వైపు చేరేసరికి, అక్కడ నిలబడి, ఇంత ఆలస్యమా అన్నట్టు చూసేది.

మూడో శుక్రవారం పోలీసు బండి నా ముందుకొచ్చి ఆగింది. ఎండలో ఒక ఆడమనిషి నడుస్తుంటే కారులో ఒకడు అడుగు అడుగుగా వెంటపడుతున్నాడు. బయటినుంచి చూస్తే మేము కనిపించేది అలాగే అని నాకు అప్పుడే తట్టింది. పోలీసాయన నా కాగితాలు తీసుకుని, అక్కను పిలిచి, ఇతను నీకు తెలుసా అని అడిగాడు.

అక్క నన్ను చూసింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. నా ఇఖామా, నా టికెట్టు, ఊళ్ళో సగం కట్టిన మా ఇల్లు, అన్నీ ఆ చూపు చివర వేలాడుతున్నాయి.

"తెలుసు," అంది చివరికి. "మంచోడే. నోరే ఎక్కువ."

పోలీసాయన నవ్వి, కాగితాలు ఇచ్చేసి, ఎవరు చెప్పినా సరే ఇంకోసారి ఇలా వెంటపడొద్దు అని నాతో గట్టిగా అన్నాడు. ఇంటికొచ్చి మామాకు ఉన్నదున్నట్టు చెప్పాను. పోలీసు గొంతు కొంచెం పెంచి చెప్పాను, అంతే.

కారు దారి అలా మూసుకుపోయింది. ఇక మిగిలినవి రెండే. అక్క ఇంట్లో ఉండిపోవాలి, లేదా ఒంటరిగా వెళ్ళాలి. తర్వాతి శుక్రవారం భోజనాలయ్యాయి. అక్క చీర కట్టుకుని, క్యోటో కోసం కొన్న బూట్లు వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. మామా కార్డు చేత్తో పట్టుకుని వచ్చింది గానీ ఇవ్వలేదు. నేను కారు తాళాల కోసం వచ్చి మధ్యలో ఇరుక్కున్నాను.

"నువ్వు తిరిగి రాకపోతే?" అంది మామా. కోపంగా కాదు, చాలా చిన్నగా అంది. నేనేదో జోకు వెయ్యబోయి ఆగిపోయాను. అలా ఆగడం నా జీవితంలో రెండోసారి.

అక్క తన వంటింటి అరబ్బీలో జవాబు చెప్పింది. తర్వాత నాకు వందసార్లు తెలుగులో చెప్పింది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

"క్యోటోలో నా పాస్‌పోర్టు నా నడుముకే ఉండె మామా. దినామూ తెల్లారేటప్పుడు బయటికి పోతాంటి. ఆరు గంటలు ఊరంతా తిరుగుతాంటి. నువ్వు లేచేతలికి చాయ్ నీ మంచం కాడ ఉండె. ఒక్క దినమన్నా చల్లారిందా?"

మామాకు ఆ సంగతే తెలియదు. ఆ ఆరు గంటలూ ఈమె కింద గదిలో పడుకుని ఉందనుకుంది.

"ఇరవై రోజులూనా?" అని అడిగింది.

"పద్నాలుగు. ముందు ఐదు దినాలూ వాకిలి కాడనే. ఒక దినం వాన."

మామా కార్డు ఇచ్చింది. పాస్‌పోర్టు ఇంకొంత కాలానికి గాని రాలేదు. కార్డు మాత్రం ఆరోజు వచ్చింది. అక్క దాన్ని సంచిలో పెట్టి, సంచి నడుముకు కట్టి, గేటు తీసుకుని వెళ్ళింది. వెనక ఎవరూ వెళ్ళలేదు.

సరిగ్గా ఐదింటికి మామా గేటు దగ్గరికి వచ్చింది, మొక్కలు చూడ్డానికని. మా గేటు దగ్గర మొక్కలు లేవు. ఐదూ పదికి వీధి రెండువైపులా చూసింది. అక్క ఫోను వంటింట్లో మోగింది, మోగిస్తున్నది మామాయే. ఐదూ పావుకు నన్ను కారు తియ్యమంది. పోలీసాయన చెప్పిన మాట గుర్తుచేశాను. ఆమె నన్ను చూసిన చూపుకు తాళాలు తీసుకున్నాను. నా మనసులోనూ ఒక మూల ఇక రాదేమో అనే ఉంది. వస్తే బాగుండుననీ ఉంది, రాకపోతే శభాష్ అనాలనీ ఉంది. రెండూ ఒకేసారి అనిపించడం ఇబ్బందిగా ఉంటుంది.

ఐదున్నరకు అక్క వీధి మలుపు తిరిగింది. తొందరేమీ పడటం లేదు. చెంగులో ఏదో మూట కట్టుకుని, ప్రతి గోడనూ చూసుకుంటూ వస్తోంది.

ఇంతసేపు ఎక్కడికెళ్ళావు అంది మామా.

"ఈడీడనే మామా. చూసేది శానా ఉండాది."

ఆరేళ్ళుగా ఆ వీధుల్లో కారు నడుపుతున్నవాణ్ణి. గోడలు, చెత్తడబ్బాలు, ఏసీ డబ్బాలు తప్ప అక్కడ ఏముందో నాకు తెలియదు. అక్క చెంగు విప్పింది. రేగిపళ్ళు. మూడు వీధుల అవతల ఒకరింటి గోడమీదినుంచి పెద్ద రేగిచెట్టు వాలి ఉందట, ఇక్కడ దాన్ని కనార్ అంటారట. ఆ ఇంటి ముసలమ్మ గిన్నెడు పెట్టిందట. ఇంకో గ్యారేజీలో ఒక తాత కూర్చుని డేగల కళ్ళమీద తొడిగే తోలుటోపీలు కుడుతున్నాడట. ఇక దారినపోయేవాళ్ళ కోసం ఇళ్ళ ముందు చల్లనీళ్ళ కూలర్లు పెడతారు కదా, పోయినవాళ్ళ పేరు మీద. ఒక్కోదాంట్లో నీళ్ళు ఒక్కో రుచి. అన్నిట్లోనూ తాగి చూసిందట, అందుకే ఆలస్యమైందట.

మన ఇంటి ముందు కూడా ఉందిగా, మా నాన్న పేరు మీద పెట్టింది అంది మామా.

మనది మూడోది అంది అక్క.

మొదటిది ఎవరిది అని మామా వెంటనే అడిగింది. పచ్చ తలుపు వాళ్ళది అంది అక్క. పచ్చ తలుపు ఎక్కడుందో మామాకు తెలియదు. పుట్టి పెరిగిన పేటలో ఆమెకు రేగిచెట్టు కూడా తెలియదు. గేటులోనే నిలబడి ఒక పండు నోట్లో వేసుకుంది. పుల్లగా ఉన్నట్టుంది, ఒక కన్ను మూసుకుంది. ఇంకోటి తీసుకుంది.

వచ్చే శుక్రవారం నేనూ నీతో వస్తాను అంది మామా.

ఆ ఇంట్లో మామా వస్తానంటే రమ్మనేవాళ్ళే గాని వద్దన్నవాళ్ళు లేరు. నేను తాళాల గుత్తి వైపు చూస్తూ నిలబడ్డాను.

"శుక్రవారం నాది మామా," అంది అక్క. "నువ్వు శనివారం రా. నేను చూపిస్తా."

మామా రేగి గింజను అరచేతిలోకి తీసి, దాన్ని కాసేపు చూసి, శనివారం ఎన్నింటికి అని అడిగింది.